మొక్కల మైనం మీద నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

తవుడు నూనె రిఫైనరీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను. మైనం గురించి ఒకసారి క్లాసులో చెప్పానంతే, అప్పట్నుంచి పిల్లలు, వాళ్ల నాన్నలు, రైస్‌మిల్లు వాళ్లు, మా వీధిలో కొవ్వొత్తులు చేసే అక్క, అందరూ అవే ప్రశ్నలు అటు తిప్పి ఇటు తిప్పి అడుగుతున్నారు. ఫోన్లో ఎన్నిసార్లని చెప్పను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరస పెద్దగా చూసుకోలేదు.

అసలు మైనం అంటే ఏంటి? నూనె గడ్డకడితే మైనమేనా?

కాదు. నూనెలో, నెయ్యిలో ఒక గ్లిసరాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. మైనంలో ఆ గ్లిసరాల్ ఉండదు. పొడవాటి కొవ్వు ఆమ్లం ఒకటి, పొడవాటి ఆల్కహాల్ ఒకటి, ఈ రెండూ ముడిపడితే వచ్చేది మైనం ఎస్టర్. ఆల్కహాల్ అనగానే వెనక బెంచీ నవ్వుతుంది. ఇది తాగేది కాదురా బాబూ, ఇరవై ముప్ఫై కార్బన్లు వరసగా కూర్చున్న గట్టి పదార్థం. ఆకుల మీది మైనంలో ఎస్టర్లతో పాటు ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసులు), ఆల్డిహైడ్లు, విడి ఆల్కహాళ్లు కూడా కలిసి ఉంటాయి, ఏది ఎంతన్నది మొక్కని బట్టి మారుతుంది.

చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. బూడిద గుమ్మడికాయ మీద చెయ్యి పెట్టి తీయండి, అరచేతికి అంటిన ఆ తెల్లటి పొడి మైనమే. కాయ ముదిరేకొద్దీ పెరుగుతుంది, లోపలి తేమ బయటికి పోకుండా ఆపుతుంది, గుమ్మానికి కట్టిన కాయ నెలల తరబడి కుళ్లకుండా ఉండటంలో దాని వంతు చాలా ఉంది. అరిటాకు వెనక వైపు గోరుతో గీరితే వచ్చే బూడిద, చెరకు గడ మీద కణుపుల దగ్గర కనిపించే తెల్లటి పూత, నల్లద్రాక్ష మీద పల్చటి పొర, అన్నీ అదే. ద్రాక్ష మీద కనిపించే పొర మందు అనుకుని సబ్బుతో తోమేవాళ్లని చూశాను. మందు అవశేషాలు ఉండొచ్చు, కడగాల్సిందే, కానీ ఆ తెల్లదనం మాత్రం పండుదే.

మొక్కకి దాంతో ఏం పని?

ముఖ్యంగా నీళ్లు కాపాడుకోవడం. ఆకు చర్మం మీద క్యూటిన్ అనే వల లాంటి పొర ఉంటుంది, మైనం ఆ వలలోకి ఇంకి, దాని పైన కూడా పేరుకుంటుంది. అది లేకపోతే మన వైశాఖ మాసపు ఎండకి ఆకు మధ్యాహ్నానికే వడలిపోతుంది. బూజు తెగుళ్లు, పురుగులు కాలు పెట్టకుండా కొంత అడ్డం, ఎక్కువ వెలుగుని తిప్పికొట్టడం కూడా దాని పనులే. మైనం తయారుకాని మొక్కలని ల్యాబుల్లో పెంచి, ఏ జన్యువు పాడైతే ఏ రకం మైనం ఆగిపోతుందో పట్టుకున్నారు. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలో అలాంటి జన్యువుల కుటుంబానికి సీఈఆర్ అని పేరు.

తామరాకు మీద నీటిబొట్టు సంగతి సైన్సులో తేలిందా?

తేలింది, అదీ చాలా అందంగా. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్ట్‌లాట్ వేలకొద్దీ ఆకుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తూ ఒక వింత గమనించాడు. చూసే ముందు ఆకుల్ని కడగాలి కదా, కొన్ని జాతుల్ని కడగనవసరమే ఉండేది కాదు, తామర అందులో ముందుంది. 1997లో ఆయన, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ కలిసి దీని కారణం ప్రచురించారు. తామరాకు మీద సన్నటి బుడిపెలు, ఆ బుడిపెల మీద ఇంకా సన్నటి మైనం గొట్టాలు. బొట్టు ఆ మొనల మీద నిలబడుతుంది, కింద గాలి ఉంటుంది, అందుకే ఆకుని తడపలేక గోళీలా దొర్లుతుంది. దొర్లుతూ దుమ్ముని ఎత్తుకుపోతుంది. ఈ సూత్రంతో గోడల రంగు 1999లో మార్కెట్లోకి వచ్చింది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కెమిస్ట్రీ ఒక్కటే చాలదు, ఆకారం కూడా కావాలి. మా పెరట్లో చామ ఆకు మీద పిల్లల చేత చేయిస్తాను. ముందు బొట్టు వేస్తే ముత్యంలా పరిగెడుతుంది. అదే చోట బొటనవేలితో గట్టిగా నాలుగుసార్లు రుద్ది మళ్లీ వేస్తే బొట్టు చతికిలబడుతుంది. మైనం ఎక్కడికీ పోలేదు, చాలా వరకు అక్కడే ఉంది, దాని మొనలు నలిగిపోయాయంతే. రంగులకి, బట్టలకి ఈ గుణం అద్దే కంపెనీలకి ఇప్పటికీ తలనొప్పి ఇదే.

వరి పొలం మునిగితే దానికీ మైనానికీ సంబంధం ఏంటి?

ఇది ఒక రైతు అడిగాడు, నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న. వంశధారో నాగావళో పొంగి చేను మునిగి, నీళ్లు కొంచెం తేరుకున్నాక గట్టు మీద నుంచి వంగి చూస్తే నీటి లోపల వరి ఆకులు వెండి పూత పూసినట్టు మెరుస్తుంటాయి. అది గాలి. వరి ఆకు మైనం నీటిని అంటనివ్వదు కాబట్టి ఆకు రెండు పక్కలా పల్చటి గాలి పొర చిక్కుకుని ఉంటుంది. ఆ పొర ద్వారా ఆకు నీటిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని పగలు కాస్త ఆహారం తయారుచేసుకుంటుంది, రాత్రి నీటిలోంచి ఆక్సిజన్ లాక్కుంటుంది, అందులో కొంత వేళ్ల దాకా వెళుతుంది. 2009లో ఓలె పెడర్సన్, టిమ్ కోల్మర్ బృందం ఈ పొరని కావాలని తీసేసి చూశారు, మునిగిన వరి బలహీనపడింది. 2018లో ఈ పొరకి కారణమైన ఎల్‌జీఎఫ్1 అనే జన్యువుని గుర్తించారు, అది మైనం తయారీకి సంబంధించిన జన్యువే. అది చెడిపోయిన వరి మొక్క ఆకు మామూలు వానకే తడిసి ముద్దవుతుంది.

ఆ మెరుపు శాశ్వతం కాదు. కొద్ది రోజులకి మైనం గుణం తగ్గి ఆకు తడుస్తుంది, మెరుపు పోతుంది, అక్కడి నుంచి మొక్క కష్టాలు మొదలు. బురద నీళ్లైతే వెలుగు అందదు కాబట్టి పొర ఉన్నా లాభం తక్కువ. ఇక ముంపుని తట్టుకునే వరి రకం స్వర్ణ సబ్-1 సంగతి వేరు, దాన్ని దీంతో కలపకండి. అందులో ఉన్న సబ్1 జన్యువు మొక్క మునిగినప్పుడు ఎదుగుదల ఆపేసి శక్తి దాచుకునేలా చేస్తుంది.

పురుగుమందు కొడితే ఆకు మీద నిలవడం లేదు, అది కూడా దీనివల్లేనా?

అవును. వరి, క్యాబేజీ, ఉల్లి ఆకుల మీద మందు ద్రావణం బొట్లు బొట్లుగా జారిపోతుంది. అందుకే స్ప్రెడర్ కలపమంటారు, అది నీటి తలతన్యత తగ్గించి బొట్టుని పరుచుకునేలా చేస్తుంది. కొందరు గుప్పెడు సర్ఫ్ పోసేస్తారు. దయచేసి వద్దు. ఎక్కువైతే ఆకు మైనం పొర దెబ్బతిని అంచులు మాడతాయి. సీసా మీద రాసిన మోతాదు చాలు.

తవుడు మైనం, తవుడు మైనం అంటారు, అది తవుడులో ఎక్కడుంటుంది, ఎంతుంటుంది?

ఇది నా పాత వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

లెక్క ఇలా వేసుకోండి. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 7 కిలోల తవుడు వస్తుందనుకుందాం. తవుడులో నూనె నూటికి 15 నుంచి 20 పాళ్లు, అంటే కిలో పైచిలుకు. ఆ ముడినూనెలో మైనం నూటికి రెండు మూడు పాళ్లు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. అంటే బస్తాకి మించిన ధాన్యం ఆడిస్తే మీ గుప్పిట్లో పట్టేంత, ముప్ఫై నలభై గ్రాముల మైనం. తక్కువే, కానీ మన రెండు జిల్లాల్లో ఆడే ధాన్యాన్ని తలుచుకోండి, అదంతా ఎటు పోతోందని నాకు రిఫైనరీలో ఉన్నప్పుడు రోజూ అనిపించేది.

తవుడులో ఇంకో చిక్కు ఉంది. బియ్యం మీది నుంచి తవుడు ఊడిన క్షణం నుంచే అందులోని లైపేజ్ ఎంజైము నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది, ఆలస్యమైతే నూనె పులిసిపోయి తినే నూనెకి పనికిరాదు. అందుకే మిల్లు నుంచి, ద్రావకంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకి తవుడు లారీలు ఆగకుండా తిరుగుతాయి. ఉప్పుడు బియ్యం తవుడులో ఉడకబెట్టడం వల్ల ఈ బాధ తక్కువ, నూనె కూడా ఎక్కువ.

మైనం తీయడం రిఫైనింగ్‌లో ఒక దశ. వెచ్చటి నూనెని గంటల తరబడి నెమ్మదిగా చల్లబరుస్తారు, మైనం స్ఫటికాలు కడుతుంది, అప్పుడు ఫిల్టర్‌లో వడకడతారు. ఈ నెమ్మది అనేదే కిటుకు. ఒక డిసెంబరు రాత్రి షిఫ్టులో నేను తొందరపడి చల్లటి నీటి వాల్వు ఎక్కువ తిప్పాను, త్వరగా చల్లబడింది, హాయిగా ఉంది అనుకున్నాను. గంటలో ఫిల్టర్ ప్రెషర్ ఎక్కిపోయింది. స్ఫటికాలు దుమ్ము అంత సన్నగా వచ్చి గుడ్డ రంధ్రాలు మూసేశాయి. తెల్లారేదాకా ప్లేట్లు విప్పి గుడ్డలు గీకాం, జుట్టుకి కూడా మైనం. తప్పు పూర్తిగా నాదే, ఫోర్‌మాన్ మాత్రం ఒక్క మాట అనలేదు, టీ తెప్పించాడు.

ఫిల్టర్ మీద మిగిలే ముద్ద గోధుమ రంగు మడ్డి. అందులో సగానికి పైగా నూనే ఉండొచ్చు. దాన్ని ద్రావకంతో కడిగి నూనె తీసేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి వాటితో రంగు విరిస్తే లేత పసుపు రంగు గట్టి మైనం వస్తుంది. 77 నుంచి 82 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

ఆ మైనంతో ఏం చేస్తారు? పరిశోధన ఎక్కడి దాకా వచ్చింది?

లిప్‌స్టిక్, పాలిష్, చూయింగ్ గమ్, మాత్రల పూత, ఇవన్నీ పాత వాడకాలు. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తవుడు మైనాన్ని పండ్ల మీద, మిఠాయిల మీద పూతగా కొద్ది మోతాదులో అనుమతించింది.

గత పదిహేను ఇరవై ఏళ్లుగా అందరూ తవ్వుతున్నది ఓలియోజెల్. విషయం ఇది. బేకరీకి గట్టి కొవ్వు కావాలి, నూనెతో బిస్కెట్టు పొర రాదు. అందుకు నూనెని హైడ్రోజన్‌తో గట్టిపరిచి వనస్పతి చేశారు, దాంతో గుండెకి చెడు చేసే ట్రాన్స్‌ఫ్యాట్లు వచ్చాయి. మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 జనవరి నుంచి ట్రాన్స్‌ఫ్యాట్‌ని కొవ్వులో 2 శాతానికి మించకూడదంది. మరి గట్టి కొవ్వు ఎలా? నూనెలో నూటికి కొద్ది పాళ్లు మైనం వేసి, కరిగేదాకా వేడిచేసి, చల్లారనిస్తే మైనం స్ఫటికాలు పలుచటి పలకలుగా అల్లుకుని ఆ వలలో నూనెని పట్టి ఉంచుతాయి. గిన్నె బోర్లించినా కారదు. నూనె మాత్రం రసాయనికంగా నూనెగానే ఉంది, గట్టి కొవ్వు పెరగలేదు, ట్రాన్స్ లేదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో అలెహాంద్రో మరంగోని బృందం దీని మీద చాలా పని చేసింది. 2013లో అక్కడివాళ్లే ఐస్‌క్రీములో పాలకొవ్వు బదులు తవుడు మైనం, పొద్దుతిరుగుడు నూనె కలిపిన జెల్ వాడి చూశారు. ఫలితం ఎమల్సిఫయర్‌ని (కొవ్వునీ నీళ్లనీ కలిపి ఉంచే పదార్థాన్ని) బట్టి మారింది, ఒకదానితో ఐస్‌క్రీము కరిగి కూలిపోవడం ఆలస్యమైంది, ఇంకోదానితో అంత లాభం లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, నోట్లో. మన నోరు 37 డిగ్రీలు, ఈ మైనం కరిగేది 80 దగ్గర. పాళ్లు ఎక్కువైతే అంగిలికి కొవ్వొత్తి నాకినట్టు ఉంటుంది. అందుకే రెండు రకాల మైనాలు కలపడం, మైనంతో పాటు వేరే పదార్థాలు కలిపి మైనం తగ్గించడం, ఇలాంటి పనులు నడుస్తున్నాయి. నా మటుకు నాకు బిస్కెట్లలో ఇది నిలబడుతుందనిపిస్తుంది, స్వీట్‌షాపు మైసూర్‌పాక్‌లో మాత్రం కలలో కూడా వద్దు.

ఇంట్లో చేసి చూడొచ్చా?

జెల్ అయితే చేయొచ్చు. తినే గ్రేడు తవుడు మైనం దొరికితే 95 గ్రాముల పొద్దుతిరుగుడు నూనెలో 5 గ్రాములు వేసి, వేడినీటి గిన్నెలో పెట్టి పూర్తిగా కరిగి తేటపడే దాకా ఉంచి దించండి. దించాక కలపకండి! నేను మొదటిసారి పాయసం కలిపినట్టు గరిటె తిప్పుతూ కూర్చున్నాను, అల్లుకుంటున్న వల తెగిపోయి పెరుగు విరిగినట్టు అయింది. కదపకుండా వదిలేస్తే అరగంటలో గిన్నె తిరగేసినా జారదు.

తవుడు నుంచి మైనం తీయడం మాత్రం ఇంట్లో చేయకండి. అందుకు వాడే ద్రావకం హెక్సేన్, దాని ఆవిరి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

చెరకు మైనం తింటే కొలెస్టరాల్ తగ్గుతుందట కదా, మాత్రలు కూడా అమ్ముతున్నారు?

చక్కెర ఫ్యాక్టరీలో రసం తేర్చినప్పుడు మైనంలో చాలా భాగం ప్రెస్‌మడ్‌లోకి, అంటే రసం వడకట్టాక మిగిలే మడ్డిలోకి పోతుంది, విజయనగరం వైపు రైతులు దాన్ని పొలానికి ఎరువుగా తోలుకునేది తెలిసిందే. ఆ మైనం నుంచి తీసిన పొడవాటి ఆల్కహాళ్ల మిశ్రమం పేరు పోలికోసనాల్, అందులో ముఖ్యమైనది 28 కార్బన్ల ఆక్టకోసనాల్. క్యూబాలో 1990ల్లో దీని మీద చాలా పరిశోధనలు చేసి చెడు కొలెస్టరాల్ బాగా తగ్గుతుందన్నారు. ప్రపంచమంతా ఆశపడింది. 2006లో జర్మనీలో 143 మంది రోగులతో, ఎవరికి మందో ఎవరికి ఉత్త మాత్రో తెలియకుండా 12 వారాలు పరీక్షించారు, రోజుకి 10 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. ఉత్త మాత్రకీ దీనికీ తేడా కనిపించలేదు. మరికొన్ని దేశాల్లోనూ అంతే. డాక్టరు రాసిన మందు మానేసి ఇది మాత్రం వేసుకోకండి, నేను చెప్పగలిగింది ఇంతే.

ఆపిల్ మీద మైనం పూస్తారు, తింటే పేగులకి అంటుకుంటుందా?

అంటుకోదు. ఆపిల్‌కి సొంత మైనం ఉంది. తోటలో కోశాక కడిగితే అది కొంత పోతుంది, అందుకే మళ్లీ పూస్తారు, ఆరిపోకుండా, మెరవడానికి. మన ఆహార నిబంధనలు తేనెమైనం, కార్నౌబా, షెల్లాక్ లాంటివి లేబుల్ మీద చెప్పి వాడటానికి ఒప్పుకుంటాయి. శరీరం దాన్ని చాలా కొద్దిగా తప్ప గ్రహించదు, వచ్చిన దారినే పోతుంది. అనుమతి లేని పెట్రోలియం మైనం పూసే వ్యాపారుల సంగతి వేరు, కత్తితో గీరితే ముద్దలు ముద్దలుగా వస్తే ఆ పండు కొనకండి. శాకాహారులు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను, షెల్లాక్ లక్కపురుగుది, తేనెమైనం తేనెటీగది, కార్నౌబా మాత్రం పూర్తిగా మొక్కది.

కార్నౌబా ఎక్కడిది? మన తాటాకుల నుంచి తీయలేమా?

ఈశాన్య బ్రెజిల్‌లో, పియవీ, సియరా రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టుది. వానల్లేని కాలంలో ఆకులు కోసి ఎండబెట్టి కొడితే మైనం పొడిగా రాలుతుంది. 82 నుంచి 86 డిగ్రీల దాకా కరగదు, మొక్కల మైనాల్లో ఇంత గట్టిది అరుదు. కారు పాలిష్ నుంచి గోళీ చాక్లెట్ మెరుపు దాకా అన్నిట్లో ఇదే. మన తాటాకుకీ మైనం ఉంది, ఇంటి కప్పుకి పనికొచ్చేది కొంత దాని వల్లే, కానీ కొడితే రాలేంత పేరుకోదు. అడిగిన కుర్రాడు రెండు మట్టలు తెచ్చి నిజంగానే బాది చూశాడు. దుమ్ము వచ్చింది.

మెక్సికో ఉత్తర ఎడారుల్లో కాండెలిల్లా అని ఇంకోటి ఉంది, జెముడు కుటుంబం. ఏళ్ల తరబడి దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఉడకబెట్టి తీశారు, చేతులు కాలిన కూలీలు ఎందరో, ఇప్పుడు సిట్రిక్ ఆమ్లంతో తీసే పద్ధతి వస్తోంది.

జీడిపిక్కల నూనె మైనమా?

పలాస నుంచి వచ్చిన ప్రశ్న. కాదు. పిక్క పెంకులోది ఫీనాల్ జాతి, అనకార్డిక్ ఆమ్లం, కార్డనాల్, చెయ్యి కాల్చేది అదే. బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో దానికి మంచి గిరాకీ, అది వేరే కథ.

సోయా మైనం కొవ్వొత్తులు సహజమైనవేనా?

మా వీధి అక్క ప్రశ్న. సోయా మైనం అని పేరే కానీ అది హైడ్రోజన్ పట్టించిన సోయా నూనె, నేను మొదట్లో చెప్పిన లెక్క ప్రకారం కొవ్వు. జపాన్ మైనం కూడా అంతే, పేరుకే మైనం. తప్పేం లేదు, బాగానే వెలుగుతుంది. అసలైన మొక్కల మైనం కావాలంటే తవుడు మైనం కొవ్వొత్తులు జపాన్‌లో చేస్తారు. మే నెలలో మా గదిలో పారఫిన్ కొవ్వొత్తి నడుం వంచేస్తుంది, తవుడు మైనం కొంచెం కలిపితే నిలబడుతుందని అక్కకి చెప్పాను. కలిపింది. నిలబడింది కానీ చల్లారేటప్పుడు పగిలింది, పాళ్లు ఇంకా తేలలేదు.

జొజోబా నూనె అంటారు, అది మైనమేనట?

నిజమే, అది ద్రవరూపంలో ఉన్న మైనం ఎస్టర్, గింజలో సగం దాకా ఉంటుంది. తిమింగలం నూనె దిగుమతిని అమెరికా 1970ల మొదట్లో ఆపేశాక ఆ స్థానంలోకి వచ్చింది. మనదేశంలో రాజస్థాన్‌లో సాగు ఉంది. మన తేమకి, మన నేలకి దాన్ని నేను సలహా ఇవ్వను.

పొందూరు ఖద్దరులో మైనం ఉంటుందా?

పత్తి పోగు మీద నూటికి ఒక పాలుకి అటూ ఇటూగా సహజ మైనం ఉంటుంది. దూదిని కడగకుండా నీళ్లలో వేస్తే తేలుతుంది, ఆసుపత్రి దూది మునుగుతుంది, తేడా మైనానిదే. వడికేటప్పుడు ఆ మైనం పోగుకి నూనె రాసినట్టు పనిచేసి దారం జారేలా చేస్తుంది. పొందూరు అమ్మలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం చూసే ఉంటారు. రసాయనం లేదు, వేడి లేదు, కాబట్టి మైనం పోగు మీదే ఉండిపోతుంది, అంత సన్నటి దారం రావడంలో దాని చెయ్యి కూడా ఉందని నా నమ్మకం. కొత్త పంచె మొదటి రెండు మూడు ఉతుకుల దాకా చెమట సరిగా పీల్చకపోతే కంగారుపడకండి. బట్టల మిల్లుల్లో ఈ మైనం తీయడానికి కాస్టిక్ సోడాతో ఉడకబెడతారు, దాని బదులు ఎంజైములు వాడే పద్ధతి మీద చాలా పరిశోధన జరిగింది, కొంత వాడుకలోకి వచ్చింది.

బొబ్బిలి వీణ మెట్లకి తేనెమైనం బదులు మొక్కల మైనం పనికొస్తుందా?

వీణకి 24 మెట్లు నల్లటి మైనంలో కూర్చోబెడతారు, తేనెమైనంలో మసి కలిపి చేస్తారు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే చేతి వేడికి మెత్తబడి వంగుతుంది. మేళం కట్టేవాళ్లకి, అంటే మెట్లు కూర్చేవాళ్లకి కావాల్సింది అదే, శ్రుతి తప్పితే మెట్టు కాస్త జరిపి సర్దుకోవాలి. తవుడు మైనం, కార్నౌబా గట్టివి, కానీ పెళుసు, జరిపితే పగులుతాయి. పాళ్లు కలిపితే ఎండాకాలం మెట్టు జారకుండా ఉంటుందేమో అని ఒక పెద్దాయన్ని అడిగాను. ‘‘చెవికి తెలియాలి గానీ థర్మామీటరుకి తెలిస్తే ఏటి లాభం మాస్టారూ’’ అన్నాడు. అక్కడితో ఆపేశాను.

మైనంతో పాత కాలం వానలు లెక్కపెడతారట, నమ్మమంటారా?

నమ్మొచ్చు. ఆకు కుళ్లిపోయినా దాని మైనంలోని ఆల్కేన్లు అంత తొందరగా చెడవు. గాలికి, వరదకి కొట్టుకుపోయి సముద్రం అడుగు మట్టిలో పొరలు పొరలుగా చేరి వేల ఏళ్లు ఉంటాయి. మొక్కల్లో ఇవి ఎక్కువగా 27, 29, 31 ఇలా బేసి సంఖ్య కార్బన్లతో ఉంటాయి కాబట్టి మట్టిలో దొరికినా ఇది ఆకుదే అని గుర్తుపట్టొచ్చు. ఈ ఆకు మైనాల మీద 1967లో జెఫ్రీ ఎగ్లింటన్, హామిల్టన్ రాసిన వ్యాసం ఇప్పటికీ చదువుతారు. మైనంలోని కార్బన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాల) నిష్పత్తి చూస్తే ఆ కాలంలో చెట్లు ఎక్కువా, ఎండకి తట్టుకునే గడ్డిజాతి మొక్కలు ఎక్కువా అన్నది తెలుస్తుంది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి అవతల బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిని ఇలాగే పరీక్షించి 2012లో ప్రచురించారు. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా నడుమ భారతదేశం మెల్లగా ఎండుబారిందని, ఆ తర్వాత అలాగే ఉండిపోయిందని తేలింది. ఆ వ్యాసం రాసిన వాళ్లలో జెఫ్రీ కొడుకు తిమోతి కూడా ఉన్నాడు, తండ్రి మొదలుపెట్టిన పనిలోనే.

రిఫైనరీల దగ్గర తవుడు నూనె మడ్డి కొని మైనం తీసే యూనిట్ పెడదామనుకుంటున్నాం, గిట్టుబాటవుతుందా?

నెలకి ఇద్దరైనా అడుగుతారు. మడ్డి చవగ్గానే దొరుకుతుంది, నిజం. కానీ డబ్బంతా నూనె తీసి, రంగు విరిచి, ప్రతి లాటూ ఒకేలా ఉండేలా చూసుకోవడంలోనే ఉంది. మండే ద్రావకం నిల్వ చేయాలంటే లైసెన్సులు, మంటలార్పే ఏర్పాట్లు, ద్రావకాన్ని తిరిగి పట్టే యంత్రాలు కావాలి. కొనేవాడు మొదట అడిగేది కరిగే ఉష్ణోగ్రత, ఆమ్లవిలువ, సపోనిఫికేషన్ విలువ, రంగు. ఒక లాటు లేత పసుపు, ఇంకో లాటు బెల్లం రంగు వస్తే రెండోసారి ఫోన్ ఎత్తడు. ఏ అనుభవం లేకుండా షెడ్డు వేసి అప్పు చేయకండి. ముందు ఇప్పటికే ద్రావకం వాడుతున్న ప్లాంటు పక్కన వాళ్లతో కలిసి చేయండి, లేదా రంగు అవసరం లేని పాలిష్‌లకి, అచ్చులకి ముడి మైనం అమ్మే దారి చూడండి.

అడ్డాకుల విస్తర్ల మీద మైనం పూస్తే బాగుంటుందా?

అడ్డాకుకి సొంత పూత ఉంది, పప్పుచారు పోసినా వెంటనే కారదు, కారితే అది పుల్లలు గుచ్చిన చోట. పైన పూయడం దండగ. కాగితం పళ్లాలకి, కప్పులకి ప్లాస్టిక్ పొర బదులు కార్నౌబా, తవుడు మైనం ఎమల్షన్ పూసే పరిశోధన మాత్రం గట్టిగా నడుస్తోంది. నీటిని బాగా ఆపుతుంది, వేడి నూనెకి లొంగిపోతుంది.

డిగ్రీ ప్రాజెక్టుకి తక్కువ ఖర్చులో ఏం చేయొచ్చు సార్?

జీసీ-ఎంఎస్, డీఎస్‌సీ లాంటి పెద్ద యంత్రాలు మన దగ్గర లేవని దిగులు వద్దు. కేశనాళిక గొట్టంలో మైనం పొడి పోసి, థర్మామీటరుకి కట్టి, నూనె బీకరులో వేడి చేస్తే కరిగే ఉష్ణోగ్రత వస్తుంది. బొట్టు ఆకారం కొలవడానికి ఫోన్ కెమెరా చాలు, పక్క నుంచి ఫోటో తీసి కోణం గీయడమే. పోయినేడు ఒక అమ్మాయి వాళ్ల ఊరి చెరువు గట్టు మీది ఏడు రకాల ఆకులు తెచ్చి, పొద్దున్న కోసినవి, మధ్యాహ్నం కోసినవి, రుద్దినవి, రుద్దనివి అన్నిటి మీదా ఒకే సైజు బొట్టు వేసి కొలిచింది. చామ, తామర ముందున్నాయి, అది అందరికీ తెలిసిందే. మూడోది జిల్లేడు. జిల్లేడు లేతాకు మీద తెల్లటి పొడి ఉంటుంది కదా, దాన్ని తుడిచిన చోట, తుడవని చోట బొట్టు కోణం ఎంత తేడా ఉందో ఈ ఏడు ఎవరైనా సరిగ్గా కొలిచి పెట్టండి, ఆకు కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి.